రెండో వంతు: బోర్లించిన కప్పులు

డొలోరెస్ ప్రిబిల్ తన కాఫీ కప్పును బోర్లించింది.

అడుగున మిగిలిన గుక్కెడు కాఫీ సాసరులోకి జారి, అక్కణ్ణించి ఇస్త్రీ చేసిన బల్లగుడ్డ మీదికి పాకింది. తుడవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.

ఆ ఇంట్లో కప్పు బోర్లిస్తే 'వద్దు' అని అర్థం. పోయిన స్టాన్ ప్రిబిల్ పెట్టిన పద్ధతి అది. బోల్టుల ఫ్యాక్టరీ నడిపిన రోజుల్లోనూ, ఆ లాభాలతో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును కొన్నాక కూడా, ఆ ముసలాయన ఏ సంగతీ ఆఫీసులో తేల్చలేదు. వంటింటి బల్ల దగ్గర అందరికీ నీలం అంచు కప్పుల్లో కాఫీ పోయించి, "ఇష్టమైతే తాగండి, కష్టమైతే బోర్లించండి" అనేవాడు. ఆయన కప్పు ఇప్పుడు అద్దాల బీరువాలో ఉంది. తక్కిన మూడూ డొలోరెస్‌కీ, కొడుకు క్లిఫ్‌కీ, కూతురు జెనీవ్‌కీ.

అల్లుడు వెండెల్‌కి మాత్రం పెట్రోలు బంకువాళ్ళు ఊరికే ఇచ్చిన మూతమగ్గు. దాన్ని బోర్లించినా చుక్క కారదు.

"ఆ పిల్లాడు మనకొద్దు," అంది డొలోరెస్. "మన వంతు ఎవరికిచ్చి ఏం పుచ్చుకుంటారో పుచ్చుకోండి. వాడి పేరు మాత్రం నా ఇంట్లో వినపడకూడదు."

సాయంత్రానికి డ్రాఫ్ట్. కాలేజీల్లోంచి బయటికొచ్చే ఆటగాళ్ళను జట్లన్నీ వంతులవారీగా ఏరుకునే రోజు. కిందటేడు ఎవడు ఎక్కువ ఓడితే వాడిదే ముందు వంతు. ఆ ఆటలో దేవుడు చూపించే దయ అదొక్కటే. మెంఫిస్ వాళ్ళు అందరికంటే హీనంగా ఓడారు గనక మొదటి వంతు వాళ్ళది. ప్రిబిల్ వాళ్ళ జట్టు అష్టన్ హార్బర్ స్టోకర్స్ గెలిచినవి రెండంటే రెండు ఆటలు. రెండో వంతు వీళ్ళది.

ఆ వంతుతో బంతి విసిరే కుర్రాడు టెరియన్ బ్రూసార్డ్‌ని తెచ్చుకోవాలా, లేక ఇంకో జట్టుకు వంతు ఇచ్చేసి బదులుగా రాళ్ళలాంటి గట్టివాళ్ళను నలుగురిని తెచ్చుకోవాలా అని చలికాలం నుంచీ ఊరు కొట్టుకుంటోంది. మంగలి షాపులో అదే మాట, చర్చి కింది హాల్లో చేపలు వేయించేచోటా అదే మాట. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు.

ఇవాళ పేపరు వచ్చేదాకా ఈ ఇంట్లో మాత్రం ఒకటే మాట ఉండేది. తెచ్చుకోవాలని.

"చదువు," అని డొలోరెస్ పేపరును అల్లుడి వైపు తోసింది. "నువ్వేగా వాళ్ళింటికి పోయి చూసొచ్చినవాడివి? బంగారం, బంగారం అన్నావు. చదువు, గట్టిగా చదువు."

వెండెల్ గట్టిగా చదవలేదు. కళ్ళతో చదివాడు. కాలేజీ రెండో ఏడు, సీజన్ నడుస్తుండగా, టెరియన్ బ్రూసార్డ్ ఎవరికీ చెప్పకుండా జట్టును గాలికొదిలేసి మూడు వారాలు మాయమయ్యాడట. కష్టం వస్తే పారిపోయే రకమట. పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక పెద్దమనిషి అన్నాడట.

వెండెల్ పేపరు మడిచేశాడు. ఆ మూడు వారాల సంగతి ఆ పెద్దమనిషికి ఎక్కడిదో అతనికి తెలుసు.

"మీ నాన్న ఏమనేవాడు?" డొలోరెస్ కొడుకునడిగింది. "మంచు పడుతున్నా, మట్టి కరుస్తున్నా మైదానం వదలనివాడే మనవాడు అనేవాడు. మధ్యలో లేచిపోయేవాడికి ఈ ఇంట్లో ప్లేటు లేదు. అవునా?"

"అవునమ్మా," అన్నాడు క్లిఫ్. జట్టు నడిపేవాడు అతనే. నలభై దాటినా తల్లి ముందు స్కూలు పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. చెవులు మాత్రం ఎర్రగా కాలిపోతున్నాయి.

డొలోరెస్ కాల్చిన రొట్టె ముక్క తీసుకుని, సీసాలోంచి అంజూర జామ్ దట్టంగా రాసుకుంది. ఫిబ్రవరి నుంచి ఆవిడకు ఆ జామ్ లేనిదే పొద్దు గడవడం లేదు.

వెండెల్ ఆ సీసాను చూసి తల తిప్పుకున్నాడు.

*

క్లిఫ్ గరాజ్‌లో దొరికాడు. కారు వెనక నిలబడి పెదవి కింద పొగాకు కుక్కుకుంటున్నాడు. చేతిలో ఖాళీ సోడా సీసా. అందులో సగానికి గోధుమరంగు ఉమ్మి.

"పేపరువాడికి చెప్పింది నువ్వేగా?" అన్నాడు వెండెల్.

క్లిఫ్ సీసాలోకి ఉమ్మాడు. "ఏది?"

"నాటకాలాడకు. ఆ మూడు వారాల సంగతి తెలిసింది టెరియన్ తల్లికీ, ఆ కాలేజీ కోచ్‌కీ. ఆవిడ నాకు చెప్పింది. నేను, నా బుద్ధి గడ్డి తిని, మీ అమ్మ చర్చికి పోయినప్పుడు ఆ బల్ల దగ్గర నీకూ మీ అక్కకీ చెప్పాను. ఎందుకు చెప్పాను? వాడు ఎలాంటి పిల్లాడో తెలియాలని చెప్పాను."

"తెలిసింది కదా."

"ఏం తెలిసింది? వాళ్ళ అమ్మమ్మకి షుగరుతో కాలు తీసేస్తే, తల్లికి ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ మానే దారి లేకపోతే, ఆ కుర్రాడు ఇంటికొచ్చి ముసలావిడకి ఒళ్ళు తుడిచి, మంచం కింద పళ్ళెం ఎత్తి, అన్నం తినిపించాడు. ఆ ముసలావిడ సిగ్గుతో చచ్చిపోతుంది, బయట చెప్పకు నాయనా అని ఆ తల్లి నన్ను అడుక్కుంది. పేపర్లో అదేదీ? మూడు వారాలు మిగిలాయి, ముసలావిడ ఎగిరిపోయిందా?"

"బావా, మెల్లగా." క్లిఫ్ తలుపు వైపు చూశాడు. "డ్రాఫ్ట్ ముందు, ఏప్రిల్‌లో నిజం చెప్పేవాడెవడు? అన్ని జట్లూ పుకార్లు పుట్టిస్తాయి. మెంఫిస్ వాళ్ళు ఆ కుర్రాణ్ణి ఎగరేసుకుపోకుండా కాస్త మసి పూశాను. పారింది కూడా! పొద్దున్నే వాళ్ళు వేరేవాడి పేరు ఖాయం చేసుకున్నారు. వాడు మన వంతుదాకా జారాడు. నాకు దండ వెయ్యాలి నువ్వు."

"వేస్తాను. పద లోపలికి. అదంతా నేను పుట్టించిందే అమ్మా, కుర్రాడు మంచివాడే అని చెప్పు, వేస్తాను."

క్లిఫ్ నవ్వాడు. తెల్లగా చేయించుకున్న పళ్ళ సందుల్లో పొగాకు పీచు.

"ఆవిడ పేపరు చదువుతుందని నేను కలగన్నానా? చావు వార్తల పేజీ తప్ప తిప్పదు. ఇవాళే ఏం పుట్టిందో ఆటల పేజీ తీసింది. ఇప్పుడు నేనే చెప్పానంటే ఊరుకుంటుందా? ఇంటి మాట వీధిలో పెట్టానని ఈ పూటే నన్ను దింపేస్తుంది. రెండు ఆటలు గెలిచినవాణ్ణి దింపడానికి సాకు కోసమే చూస్తోంది. కన్నతల్లి మెడపట్టి గెంటేస్తే ఈ ఊళ్ళో ఎలా తిరగమంటావు?"

"అందుకని?"

"అందుకని ఒమాహా వాళ్ళతో మాట్లాడాను. మన వంతు వాళ్ళకిస్తాం, వాళ్ళ మూడు వంతులు పుచ్చుకుంటాం. వాళ్ళకి కావలసింది వేరేవాడులే, ఆ పరిగెత్తే పిల్లాడు. ఒక్కటిచ్చి మూడు. లెక్కకి మంచిదేగా?"

"పెట్టనిచ్చి గుడ్లు తెచ్చుకుంటావు."

"గుడ్లు పిల్లలవుతాయి బావా."

"నువ్వు తెచ్చిన గుడ్లు ఏమయ్యాయో ఊరంతా ముక్కు మూసుకుని చూస్తూనే ఉంది."

క్లిఫ్ మొహం గంటు పెట్టుకున్నాడు. మళ్ళీ ఉమ్మాడు. ఒక చుక్క గడ్డం మీద నిలిచింది. తుడుచుకోలేదు.

"మరి టెరియన్?" అన్నాడు వెండెల్. "పారిపోయే రకమని అచ్చేయించావు. మెంఫిస్ వద్దంది. మనం వద్దంటున్నాం. ఇక వాణ్ణి ఎవడు ముట్టుకుంటాడు? సాయంత్రం డ్రాఫ్ట్ హాల్లో కొత్త కోటేసుకుని, పక్కన తల్లినీ, చక్రాల కుర్చీలో అమ్మమ్మనీ పెట్టుకుని కూర్చుంటాడు. అందరి పేర్లూ పిలుస్తుంటారు. కెమెరాలు వాడి మొహమ్మీదే ఉంటాయి, ఏడుస్తాడేమోనని."

"ఎవరో ఒకరు తీసుకుంటారు. ఆలస్యంగా తీసుకుంటారు, అంతే." క్లిఫ్ గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. పొగాకు, పుదీనా కలిసిన వాసన. "నువ్వొక పని చెయ్యాలి. మధ్యాహ్నం కుర్రాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసి నంబరు సరిచూసుకుంటాం కదా. టెరియన్ వాళ్ళకి నువ్వు చెయ్యి. తీసుకునేవాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడు. ఆ మాట వాళ్ళ ఏజెంటు చెవిన పడుతుంది, అక్కణ్ణించి ఒమాహాకి పోతుంది. వంతు చెయ్యి జారిపోతుందని భయపడి వాళ్ళు ఇంకాస్త పెంచుతారు. ఆ తల్లికి నువ్వంటే నమ్మకం కదా."

వెండెల్ చాలాసేపు అతని గడ్డం మీది చుక్కనే చూశాడు.

పశువుల సంతలో కూడా ఒక మర్యాద ఉంటుంది. ఎద్దు పళ్ళు చూస్తారు, గిట్టలు చూస్తారు, కొంటే కొంటారు, లేకపోతే పోతారు. ఎద్దు తల్లికి ఫోన్ చేసి అబద్ధం చెప్పరు. ఈ కుర్రాళ్ళను చడ్డీల మీద నిలబెట్టి తూచారు, అరచేతులు కొలిచారు, మోకాళ్ళు వంచి చూశారు, నువ్వు రాత్రిళ్ళు ఏం ఆలోచిస్తావని అడిగారు. ఆ వరుసలో పలక పట్టుకుని నిలబడ్డవాళ్ళలో తనూ ఒకడు.

తను ఆడే రోజుల్లో తననూ ఇలాగే ఇంకో జట్టుకు మార్చేశారు. మంగలి కుర్చీలో, సగం తల గీయించుకుని ఉండగా, రేడియోలో విన్నాడు తను వేరే ఊరివాడైపోయానని. మంగలి కత్తి ఆపి, "నీ పేరేనా అది?" అనడిగాడు.

"గడ్డం తుడుచుకో," అన్నాడు వెండెల్. "మీ అమ్మ చూస్తుంది."

*

జెనీవ్ సామాన్ల గదిలో బల్లగుడ్డను మరక దగ్గర ఉప్పేసి రుద్దుతోంది. పక్కన బట్టలు ఆరబెట్టే మిషను తిరుగుతోంది. అందులో ఏదో గుండీ డబడబ కొట్టుకుంటోంది.

"నువ్వేం అనబోతున్నావో తెలుసు," అంది వెనక్కి తిరక్కుండా. "అనొద్దు."

"పేపరువాడికి చెప్పింది మీ తమ్ముడే."

"తెలుసు."

"ఎప్పట్నించీ?"

ఆమె మరక మీద ఇంకాస్త ఉప్పు చల్లింది. గుండీ చప్పుడు నాలుగు చుట్లు తిరిగింది.

"అంటే వాడు ముందే చెప్పాడు నీకు," అన్నాడు వెండెల్. "నువ్వు సరేనన్నావు."

"నేను సరే అనలేదు. ఊరుకున్నాను. ఈ ఇంట్లో పెరిగితే నీకూ తెలిసేది ఆ రెండిటికీ తేడా."

"పాతికేళ్ళ నుంచి ఉంటున్నాను. నాకింకా తేడా కనపడలేదు."

జెనీవ్ తిరిగింది. చేతులకు ఉప్పు. "నీ మోకాళ్ళు పోయి, ఏ జట్టూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వనప్పుడు ఈ ఇంట్లోనేగా నీకు మంచం వేశారు? కుర్రాళ్ళని చూసొచ్చే పని ఎవరిచ్చారు? నాన్న. ఆయన పోయాక నిన్ను ఉంచింది ఎవరు? క్లిఫ్. ఇల్లరికపు అల్లుడు ఇంట్లోవాళ్ళ మీద పితూరీ చెప్తే ఎవరికి మంచి? వాణ్ణి అమ్మ గెంటితే వాడు కోర్టుకి పోతాడు. ఇల్లు రెండవుతుంది. అమ్మకి గుండె బాగాలేదని నీకు తెలుసు."

"ఆ పిల్లాడు..."

"నీకేమవుతాడు వాడు? చుట్టమా, పక్కమా?"

వెండెల్ ఆలోచించాడు. "ఏమీ కాడు. వాళ్ళింట్లో భోంచేశాను. బీన్స్, అన్నం. ఒక్క కుర్చీకే నాలుగు కాళ్ళూ గట్టిగా ఉన్నాయి, అది నాకేశారు. వచ్చేటప్పుడు ఆ తల్లి సంచీడు జామ్ సీసాలు చేతిలో పెట్టింది. వాళ్ళ పెరట్లో అమ్మమ్మ నాటిన చెట్టు. నేను ఆవిడకి మాటిచ్చాను, మీరు చెప్పింది నా నోరు దాటదని."

"దాటింది కదా," అంది జెనీవ్. "ముందు దాటింది నీ నోరే. అది గుర్తుపెట్టుకుని బల్ల దగ్గర కూర్చో."

మిషను ఆగింది. గుండీ కూడా ఆగింది.

అతనికి భార్య మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. పాత బూటులో కాలు పెట్టినప్పుడు లోపల తడి తగిలినట్టు, ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

*

మధ్యాహ్న భోజనంలో పిండిలో ఆలూ కూరి ఉడికించిన పిరోగీలు, వెన్నలో మాడిన ఉల్లిపాయలు, హామ్ ముక్కలు. స్టాన్ పోయినా డ్రాఫ్ట్ రోజు వంట మారలేదు.  క్లిఫ్ ఒక్కడే కడుపునిండా తిన్నాడు. పెదవులు నిగనిగలాడుతున్నాయి.

భోజనం అయ్యాక రెండోసారి కాఫీ. పొద్దుటి కప్పుతో మాట మొదలవుతుంది, రెండో కప్పుతో తేలిపోతుంది. అది కూడా స్టాన్ పెట్టిందే. జెనీవ్ మూడు నీలం అంచు కప్పులూ నింపింది. వెండెల్ మూతమగ్గు నింపింది.

డొలోరెస్ తన కప్పు బోర్లించింది. ఈసారి కప్పు నిండుగా ఉంది. మార్చిన కొత్త గుడ్డ మొత్తం పాడైంది.

క్లిఫ్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మ చెప్పిందే నా మాట కూడా. మధ్యలో పారిపోయేవాడు మనకెందుకు?" అని, తను చలికాలం అంతా కోరుకున్న కుర్రాడి మీద, తనే మసి పూసిన కుర్రాడి మీద, కప్పు బోర్లించాడు. సాసరులోకే, జాగ్రత్తగా, చొక్కా మీద పడకుండా.

ఆ జాగ్రత్త చూశాక వెండెల్ కుర్చీలో ఉండలేకపోయాడు.

లేచాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. అద్దాల బీరువా తెరిచి, స్టాన్ ప్రిబిల్ కప్పు బయటికి తీశాడు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. తన ముందు పెట్టుకుని, మూతమగ్గులో కాఫీ అందులోకి ఒంపాడు.

"అక్కడ పెట్టు దాన్ని," అంది డొలోరెస్. గొంతు పెరగలేదు. పెరగనప్పుడే ఆవిడకు భయపడాలి.

"పెడతాను అత్తయ్యా. ముందు ఒక్కటి అడుగుతాను. మీరు రొట్టె మీద రాసుకుంటున్న ఆ జామ్ ఎవరు చేశారో మీరెప్పుడూ అడగలేదు."

"ఎవరైతే ఏమిటి?"

"టెరియన్ వాళ్ళమ్మ చేసింది. చెట్టు వాళ్ళ అమ్మమ్మది. ఆ అమ్మమ్మకి కాలు తీసేసినప్పుడే ఆ కుర్రాడు మూడు వారాలు ఇంటికిపోయాడు. ఎవరికీ చెప్పకుండా కాదు, కోచ్‌కి చెప్పే పోయాడు. మైదానం వదిలి పారిపోలేదు. ఇంటికొచ్చి ముసలావిడ మలమూత్రాలు ఎత్తాడు. మళ్ళీ వెళ్ళి ఆడాడు. పేపరువాడు సగమే రాశాడు, వాడికి సగమే చెప్పారు గనక."

 డొలోరెస్ సీసా వైపు చూసింది. తన చేతి వైపు చూసింది. వేళ్ళ సందుల్లో పొద్దుటి జామ్ ఇంకా ఉందేమో అన్నట్టు వేళ్ళు రాసుకుంది.

"మీ మామయ్యకి కూడా చివర్లో నేనే ఎత్తాను," అంది ఎవరితోనూ కాకుండా.

చెయ్యి తన బోర్లించిన కప్పు మీదికి పోయింది. వేళ్ళు కప్పు అడుగును పట్టుకున్నాయి. తిప్పుతుందనుకున్నాడు వెండెల్.

తిప్పలేదు.

"అయితే ఇది నీకు ఎప్పుడో తెలుసు," అందావిడ. "ఈ ఇంట్లో వాళ్ళకే తెలుసన్నమాట. మరి సగం సగం చేసి పేపరువాడికి అమ్మిందెవరు? నా బల్ల దగ్గర మాట గుమ్మం దాటింది ఎవరి కాళ్ళతో?"

క్లిఫ్ ఫోర్కుతో ఉల్లిపాయ ముక్కను ప్లేటు చుట్టూ తిప్పుతున్నాడు.

వెండెల్ చూశాడు, వాడు చెప్తాడేమోనని. మనిషికి ఒక్కసారైనా సిగ్గేస్తుంది కదా అని చూశాడు. చివరికి తనే నోరు తెరిచాడు, మాట ఇంకా బయటికి రాలేదు.

"వెండెల్ చెప్పాడమ్మా," అంది జెనీవ్.

మెల్లగా అంది. ఉప్పు అందించమన్నట్టు అంది. మొగుడి మొహం చూడలేదు, తమ్ముడి మొహం చూడలేదు. తన కప్పు ఎత్తి, అందులో కాఫీ మొత్తం గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

డొలోరెస్ లేచి నిలబడింది. బల్ల మీదుగా వంగి, వెండెల్ ముందున్న మొగుడి కప్పును పట్టుకుని బోర్లించింది. వేడి కాఫీ బల్ల అంచు దాటి వెండెల్ ఒళ్ళోకి కారింది. అతను కదల్లేదు.

అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది. మధ్యాహ్నం ఫోన్ చేస్తానని టెరియన్ తల్లికి ముందే చెప్పి ఉన్నాడు. చెయ్యలేదు. అందుకని ఆవిడే చేసింది. తెర మీద ఓడెస్సా బ్రూసార్డ్ పేరు.

"తియ్యి," అంది డొలోరెస్. "గట్టిగా వినపడేలా పెట్టు. ఏం చెప్తావో మేమూ వింటాం."

వెండెల్ ఫోన్‌ను తడి గుడ్డ మీద పెట్టి నొక్కాడు.

"వెండెల్ గారూ," అంది ఓడెస్సా. వెనకాల హోటలు గది చప్పుడు, ఎవరో ముసలావిడ దగ్గు. "పేపరు మాకూ చూపించారు. మా అమ్మకి ఇంకా చదివి వినిపించలేదు. నేనేమీ గొడవ పెట్టుకోను. ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. మీరు మా ఇంట్లో కూర్చుని విన్న మాటేగా అది? ఎవరికి చెప్పారు మీరు?"

జెనీవ్ ఖాళీ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. డొలోరెస్ అల్లుణ్ణే చూస్తోంది.

క్లిఫ్ తల వంచుకుని ఉన్నాడు, జామ్ సీసాను ఎప్పుడు దగ్గరికి లాక్కున్నాడో. చెంచాతో అడుగు గీకుతున్నాడు. గీకి, నాకి, మళ్ళీ గీకుతున్నాడు.

"వెండెల్ గారూ? ఉన్నారా?" అంది ఓడెస్సా. "ఏమిటండీ ఆ చప్పుడు? ఎవరున్నారక్కడ?"